తాగి నడిపి లైసెన్సు పోయాక: అమెరికాలో పరిమిత డ్రైవింగ్ అనుమతి ఎలా పనిచేస్తుంది

సంక్షిప్తంగా: అమెరికాలో తాగి వాహనం నడిపి పట్టుబడినవారి లైసెన్సు ఒక్కసారే పోదు. ఒకే రాత్రి జరిగిన ఘటనకు వేర్వేరు అధికారులు, వేర్వేరు కారణాలతో, వేర్వేరు కాలాలకు దాన్ని రద్దు చేస్తారు. ఉద్యోగానికో చదువుకో వెళ్లడానికి కోర్టు ఇచ్చే పరిమిత డ్రైవింగ్ అనుమతి వీటిలో ఒక్కో రద్దుకు ఒక్కో విధంగా వర్తిస్తుంది. లైసెన్సు వెనక్కి వచ్చినట్టు దీని అర్థం కాదు. గంటలు, పనులు, వాహనం రాసి ఉన్న కోర్టు ఉత్తర్వు ఇది. ఆ గీత దాటితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. ఇదే పేరుతో ఈ పద్ధతి అమలవుతున్న నార్త్ కరొలైనాను ప్రధాన ఉదాహరణగా తీసుకుని, ఇతర రాష్ట్రాలతో పోల్చి ఈ వ్యాసం వివరిస్తుంది.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

శనివారం రాత్రి స్నేహితుల ఇంట్లో విందు ముగించుకుని వస్తున్న ఒక ఉద్యోగిని నార్త్ కరొలైనాలోని కేరీ పట్టణంలో పోలీసులు ఆపారనుకుందాం. స్టేషన్‌లో శ్వాస పరీక్ష రక్తంలో మద్యం 0.11 శాతం ఉన్నట్టు చూపించింది. రాష్ట్రంలో పరిమితి 0.08. ఆ రాత్రే మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరుస్తారు. ఆయన లైసెన్సు కార్డు తీసుకుని చేతికి ఒక కాగితం ఇస్తారు. 30 రోజుల తర్వాత 100 డాలర్ల రుసుము కడితే కార్డు తిరిగి వస్తుంది. అంతటితో శిక్ష ముగిసిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని నెలల తర్వాత కోర్టులో నేరం రుజువై, ఈసారి లైసెన్సు ఏడాదిపాటు రద్దైనప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఒకే తప్పుకు రెండుసార్లు ఎందుకు?

చట్టం దృష్టిలో ఇవి రెండు శిక్షలు కావు. మొదటిది రోడ్డు మీది వారి భద్రత కోసం వెంటనే తీసుకునే చర్య, రెండోది నేరం రుజువైనందుకు వచ్చే ఫలితం. ఈ తేడా తెలియకపోతే పరిమిత అనుమతి గురించి విన్నది ఏదీ పొంతన కుదరదు. ‘పది రోజులకే వచ్చింది’ అని ఒకరు, ‘ఆరు నెలలు ఆగాలి’ అని మరొకరు, ‘కోర్టు నుంచే అనుమతితో వచ్చాను’ అని ఇంకొకరు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. వారు మాట్లాడుతున్నది మూడు వేర్వేరు రద్దుల గురించి.

మూడు తాళాలు, మూడు తాళంచెవులు

నార్త్ కరొలైనాలో మొదటి తాళం ఈ మేజిస్ట్రేట్ వేసే 30 రోజుల సివిల్ రద్దు. పరీక్షలో 0.08 లేదా అంతకు మించి వచ్చినా, పరీక్షకు నిరాకరించినా ఇది పడుతుంది. నేరం రుజువు కావలసిన అవసరం లేదు. 10 రోజులు గడిచాక, మద్యం అలవాటుపై నిర్ణీత సంస్థలో అంచనా పరీక్ష చేయించుకుని, అక్కడ సూచించిన తరగతులకు లేదా చికిత్సకు ఒప్పుకున్నవారు మిగిలిన రోజులకు విచారణకు ముందే పరిమిత అనుమతి కోరవచ్చు. అనుమతికి మరో 100 డాలర్ల రుసుము ఉంటుంది. మిగిలేవి ఇరవై రోజులే కాబట్టి కొందరు ఈ ఖర్చు పెట్టకుండా సహోద్యోగుల కార్లలో, అద్దె క్యాబుల్లో నెట్టుకొస్తారు.

రెండో తాళం పరీక్షకు నిరాకరించినవారికి మాత్రమే. రోడ్డు మీదికి వాహనం తెచ్చారంటే, తాగినట్టు సహేతుకమైన అనుమానం ఉన్నప్పుడు పరీక్షకు ముందే ఒప్పుకున్నట్టని చట్టం భావిస్తుంది. ఆ ఒప్పందం తప్పినందుకు మోటారు వాహనాల విభాగం లైసెన్సును 12 నెలలు రద్దు చేస్తుంది. ఇందులో కనీసం మొదటి 6 నెలలు ఏ అనుమతీ దొరకదు. క్రిమినల్ కేసు వీగిపోయినా ఈ రద్దు దానంతట అది తొలగిపోదు. ‘ఊదకపోతే సాక్ష్యమే ఉండదు’ అని ఒకరినుంచి ఒకరికి చేరే సలహా ఎంత ఖరీదైనదో ఇక్కడ తెలుస్తుంది. పైగా పోలీసులు వారెంటు తెచ్చి రక్తం తీయించవచ్చు. అప్పుడు సాక్ష్యమూ మిగులుతుంది, ఏడాది రద్దూ మిగులుతుంది.

మూడో తాళం నేరం రుజువైన రోజున పడేది. మొదటిసారి అయితే ఏడాది. ఎక్కువమంది అడిగే పరిమిత అనుమతి దీనికి సంబంధించినదే. అర్హత ఉండి కాగితాలన్నీ సిద్ధంగా ఉంటే, న్యాయమూర్తి తీర్పు ఇచ్చిన రోజే దీన్నీ ఇవ్వవచ్చు.

‘సిద్ధంగా ఉంటే’ అన్న మాటను ఒకటికి రెండుసార్లు చదవాలి. అంచనా పరీక్ష నివేదిక, వాహన బీమా ఉన్నట్టు బీమా కంపెనీ ఇచ్చే డీఎల్-123 పత్రం ముందే చేతిలో ఉండాలి. ఆ బీమా పత్రానికి 30 రోజుల గడువే ఉంటుంది. విచారణ వాయిదా పడితే పాతది చెల్లక కొత్తది తెచ్చుకోవాలి. ఇవి లేకుండా కోర్టుకు వెళ్లి దోషిగా తేలిన వ్యక్తికి, ఉదయం తాను నడుపుకొచ్చి కోర్టు ఆవరణలో నిలిపిన కారును మధ్యాహ్నం ఇంటికి నడిపే హక్కు ఉండదు. అప్పుడు అంచనా కేంద్రం కోసం వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అన్నీ సమకూరేదాకా గడిచే ప్రతి రోజూ పూర్తి రద్దు కిందే పోతుంది.

తీర్పుకు ముందే లైసెన్సు తీసుకునే అధికారం ఎక్కడిది

పరీక్షకు ముందస్తు సమ్మతి అనే సూత్రాన్ని చట్టంగా తెచ్చిన మొదటి రాష్ట్రం న్యూయార్క్. అది 1953లో. మరుసటి ఏడాదే రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ బ్రెత్ ఎనలైజర్‌ను రూపొందించడంతో రోడ్డు పక్క అనుమానానికి ఒక అంకె వచ్చి చేరింది. 1971లో బెల్ వర్సెస్ బర్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది: ఒకసారి ఇచ్చిన లైసెన్సు మనిషి జీవనోపాధికి అవసరమైనదిగా మారవచ్చు, కాబట్టి సరైన విచారణ పద్ధతి లేకుండా ప్రభుత్వం దాన్ని లాక్కోకూడదు. 1979లో మెకీ వర్సెస్ మాంట్రిమ్ కేసులో అదే కోర్టు మరో వైపు తూచింది. పరీక్షకు నిరాకరించిన డ్రైవరు లైసెన్సును మసాచుసెట్స్ రాష్ట్రం ముందస్తు విచారణ లేకుండా 90 రోజులు సస్పెండ్ చేయడం తప్పు కాదంది. వెంటనే ఆ తర్వాత విచారణ కోరే వీలుంటే చాలని తేల్చింది.

నేటి వ్యవస్థ మొత్తం ఈ రెండు తీర్పుల మధ్య నిలబడి ఉంది. లైసెన్సు జీవనోపాధి కాబట్టి పరిమిత అనుమతి. రోడ్డు భద్రత ప్రజలందరిది కాబట్టి తక్షణ రద్దు. 1976లో మిన్నెసోటా మొదలుపెట్టిన పరిపాలనాపరమైన తక్షణ రద్దు పద్ధతి తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం 0.08 పరిమితిని ఒప్పుకోని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెట్టడంతో కొన్నేళ్లలో దేశమంతా ఆ అంకెకు వచ్చింది. యూటా మాత్రం 2018 చివర్లో ఇంకా కిందికి, 0.05కు దిగింది.

ఈ కఠినత్వానికి కారణం అంకెల్లోనే ఉంది. మద్యం మత్తులో ఉన్న డ్రైవర్ల ప్రమేయం ఉన్న ప్రమాదాల్లో అమెరికాలో 2022లో 13,524 మంది, 2023లో 12,429 మంది చనిపోయారు. రోడ్డు మరణాల్లో ఇవి దాదాపు మూడో వంతు. పరిమిత అనుమతిని దయాదాక్షిణ్యంగా చూసేవారూ, హక్కుగా చూసేవారూ ఈ సంఖ్యలను పక్కన పెట్టి మాట్లాడలేరు.

ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు

నార్త్ కరొలైనా చట్టం ఈ నేరానికి శిక్షలను స్థాయిలుగా విభజించింది. తేలికైనది 5వ స్థాయి. పైకి వెళ్లేకొద్దీ 1వ స్థాయి, దాని పైన మరింత తీవ్రమైన స్థాయి ఒకటి ఉంటాయి. పరిమిత అనుమతి సాధారణంగా 3, 4, 5 స్థాయిల వారికే. గత 7 ఏళ్లలో ఇదే నేరం రుజువై ఉండకూడదు. పెండింగులో మరో కేసు ఉండకూడదు. నేరం జరిగిన రోజున చెల్లే లైసెన్సు ఉండాలి, లేదా దాని గడువు తీరి ఏడాది దాటకూడదు.

తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశాలు ఇందులో రెండు ఉన్నాయి. మొదటిది పిల్లలది. వాహనంలో 18 ఏళ్ల లోపు వారు ఉంటే, ఆ ఒక్క కారణంతోనే కేసు 1వ స్థాయికి వెళుతుంది. పుట్టినరోజు విందు నుంచి తిరిగి వస్తూ వెనక సీటులో పిల్లవాడు నిద్రపోతున్నాడంటే, డ్రైవరుకు అదే మొదటి తప్పైనా, పరీక్షలో 0.09 మాత్రమే వచ్చినా, పరిమిత అనుమతి తలుపు మూసుకుపోయినట్టే. కనీస జైలు శిక్ష కూడా పెరుగుతుంది. చట్టంలోని మిగతా నిబంధనలన్నిటి కన్నా ఇది ఎక్కువ మందికి తెలియాల్సిన విషయం, తక్కువ మందికి తెలిసిన విషయం కూడా.

రెండోది లైసెన్సు గడువు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు గడువును వారి నివాస అనుమతి గడువుకు ముడిపెట్టి ఇస్తారు. హెచ్-1బి పొడిగింపు ఆలస్యమైతే లైసెన్సూ ముగిసిపోతుంది. పొడిగింపు వచ్చినా కార్డు పునరుద్ధరణను వాయిదా వేస్తూ పోయినవారికి ఆ ఏడాది గడువు ముఖ్యమైన గీత అవుతుంది. మామూలు రోజుల్లో చిన్న నిర్లక్ష్యంగా కనిపించేది, ఇక్కడ అర్హతనే దెబ్బతీస్తుంది.

వాణిజ్య వాహనాల డ్రైవర్ల సంగతి వేరు. సొంత కారులో తాగి పట్టుబడినా, ఫెడరల్ నిబంధనల ప్రకారం వారి వాణిజ్య లైసెన్సు మొదటిసారికి కనీసం ఏడాదిపాటు పోతుంది. ఆ కాలంలో లారీ నడపడానికి పరిమిత అనుమతి పనికిరాదు.

ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు

అనుమతి ఇచ్చేటప్పుడు న్యాయమూర్తి ఏయే పనులకు నడపవచ్చో రాస్తారు. ఉద్యోగం, చదువు, ఇంటి అవసరాలు, కోర్టు ఆదేశించిన చికిత్స లేదా తరగతులు, సమాజ సేవ, అత్యవసర వైద్యం, దైవారాధన. ఇవే చట్టం గుర్తించిన కారణాలు. సాధారణ పనివేళలంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా. ఈ వేళల్లో కూరగాయలకు వెళ్లడం, పిల్లలను బడి నుంచి తీసుకురావడం వంటి ఇంటి పనులకు వేరే రుజువు అక్కర్లేదు. అత్యవసర వైద్యానికి వేళతో పని లేదు.

చిక్కంతా ఈ వేళలకు బయట ఉంది. రాత్రి పూట సిస్టమ్ పనులు చూసే ఇంజనీరు, ఆస్పత్రిలో రాత్రి షిఫ్టు చేసే నర్సు, సాయంత్రం తరగతులకు వెళ్లే విద్యార్థి తమ వేళలను పత్రంతో చూపించి ఉత్తర్వులో చేర్పించుకోవాలి. ఉద్యోగికైతే యజమాని లేఖ కావాలి. అంటే జరిగినదంతా ఆఫీసులో చెప్పాలి. చాలామంది దీనికి వెనకాడి, మామూలు పనివేళలకే అనుమతి తీసుకుని, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తూ దొరికిపోతారు. దాచుకోవాలనుకున్న ఒక విషయం కోసం కొత్త నేరం నెత్తిన వేసుకోవడం అన్నమాట.

గుడి విషయమూ ఇలాంటిదే. కేరీలోని శ్రీ వేంకటేశ్వర ఆలయానికి శనివారం వెళ్లడం అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందికి అలవాటు. దైవారాధన చట్టం గుర్తించిన కారణమే. అయితే శనివారం సాధారణ పనివేళల్లో లేదు. ఉత్తర్వులో ఆ రోజు, ఆ వేళ, ఆ ఆలయం విడిగా రాసి ఉంటేనే ఆ ప్రయాణం చెల్లుతుంది. అడిగితే దొరికే అవకాశం ఉన్నదాన్ని అడగకపోవడం ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు. దరఖాస్తుకు ముందు ఒక మామూలు వారాన్ని ఆదివారం నుంచి శనివారం దాకా కాగితం మీద రాసుకుని, ప్రతి ప్రయాణం ఏ కారణం కిందికి వస్తుందో చూసుకుంటే ఇలాంటివి తప్పిపోవు.

ఇంకో షరతు ఏ అనుమతిలోనైనా ఉంటుంది. ఒంట్లో ఏ కొంచెం మద్యం మిగిలి ఉన్నా నడపకూడదు. ఇక్కడ 0.08 వర్తించదు. పరిమితి సున్నా. రాత్రి తాగి, తెల్లవారి 7 గంటలకు ఆఫీసుకు బయలుదేరడమూ ఈ షరతు కింద ఉల్లంఘన కావచ్చు.

వేళ దాటినా, పని మారినా, లైసెన్సు రద్దైన స్థితిలో నడిపినట్టే పరిగణిస్తారు. తాగి నడిపినందుకు రద్దైన కాలంలో నడపడం మామూలు రద్దు ఉల్లంఘన కన్నా బరువైన నేరం. దానివల్ల అదనంగా మరో ఏడాది రద్దు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ స్థితిలో మళ్లీ తాగి దొరికితే వాహనాన్నే స్వాధీనం చేసుకుంటారు. అలా మొదటికే మోసం వస్తుంది.

షార్లట్ నుంచి ఫోర్ట్ మిల్ దాకా

నార్త్ కరొలైనాలోని షార్లట్ నగరం దక్షిణ శివార్లలో కొన్ని మైళ్లు వెళితే రాష్ట్రం మారిపోతుంది. ఫోర్ట్ మిల్ పట్టణం సౌత్ కరొలైనాలో ఉంది. అక్కడ ఇల్లు కొనుక్కుని రోజూ షార్లట్‌లో ఉద్యోగానికి వెళ్లే భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. నార్త్ కరొలైనా కోర్టు ఇచ్చే అనుమతి ఆ రాష్ట్ర రోడ్లకే పరిమితం. ఆ ఉత్తర్వును పొరుగు రాష్ట్రం గౌరవించి తీరాలన్న నియమం లేదు. అంటే 77వ నంబరు హైవే మీద ‘సౌత్ కరొలైనాకు స్వాగతం’ అన్న బోర్డు దాటగానే, జేబులోని కాగితం బలం కోల్పోవచ్చు. ఇల్లు ఒక రాష్ట్రంలో, కేసు మరో రాష్ట్రంలో ఉన్నవారు రెండు రాష్ట్రాల నియమాలూ చూసుకోవాలి. ఒక రాష్ట్రంలో నేరం రుజువైన సంగతి రాష్ట్రాల మధ్య సమాచార మార్పిడి ఒప్పందాల ద్వారా సొంత రాష్ట్రానికి చేరుతుంది. అక్కడ కూడా లైసెన్సుపై చర్య ఉండవచ్చు.

భారతీయ లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ ఉన్నాయి కదా అన్న ఆలోచనా నిలవదు. రద్దయ్యేది కార్డు ఒక్కటే కాదు, ఆ రాష్ట్రంలో వాహనం నడిపే హక్కే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తీసుకున్న లైసెన్సు చెల్లుబాటులో ఉన్నా, ఆ రాష్ట్ర రోడ్ల మీద అది పనిచేయదు.

ఇతర రాష్ట్రాల్లో ఎలా

టెక్సస్‌లో దీని పేరు ఆక్యుపేషనల్ లైసెన్సు. అక్కడ మొదటి గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. పరీక్షలో విఫలమైనా, నిరాకరించినా నోటీసు చేతికొచ్చిన 15 రోజుల్లోగా విచారణ కోరాలి. కోరకపోతే 40వ రోజు నుంచి సస్పెన్షన్ అమల్లోకి వస్తుంది. మొదటిసారి పరీక్షలో విఫలమైతే 90 రోజులు, నిరాకరిస్తే 180 రోజులు. కోర్టు సాధారణంగా రోజుకు 4 గంటలు నడపడానికి అనుమతి ఇస్తుంది. అవసరం నిరూపిస్తే 12 గంటల దాకా పెంచవచ్చు. బీమా కంపెనీ నేరుగా రాష్ట్రానికి హామీ ఇచ్చే ఎస్ఆర్-22 పత్రం తప్పనిసరి. డాలస్ చుట్టుపక్కల ఒక వైపు ప్రయాణానికే గంట పట్టే రోజుల్లో 4 గంటలు చాలవు. అందుకే అక్కడి దరఖాస్తుల్లో ప్రయాణ దూరాన్ని స్పష్టంగా చూపించడం కీలకం.

ఒహాయోలో మొదటిసారి పరీక్షలో విఫలమైనవారికి 15 రోజులు, నిరాకరించినవారికి 30 రోజులు ఏ అనుమతీ ఉండదు. ఆ తర్వాత కోర్టును అడగవచ్చు. మద్యం పాళ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికీ మళ్లీ మళ్లీ దొరికినవారికీ అక్కడ పసుపు పలకపై ఎర్ర అక్షరాల నంబరు ప్లేటు పెట్టాలి. వీధి మొత్తానికీ విషయం తెలిసేలా చేయడం దాని ఉద్దేశం.

కాలిఫోర్నియా మరో దారి పట్టింది. 2019 నుంచి, కారులో శ్వాస పరికరం పెట్టించుకోవడానికి సిద్ధపడితే, మొదటిసారి దొరికినవారు చాలా సందర్భాల్లో నిరీక్షణ లేకుండా ఎక్కడికైనా, ఎప్పుడైనా నడపవచ్చు. పరికరం వద్దనుకుంటే 30 రోజులు ఆగి, పనికి, తరగతులకు మాత్రమే నడపాలి. పరికరం పెట్టించుకునే దారిలో ఒక ఆలోచన మార్పు కనిపిస్తుంది. ఎక్కడికి, ఎన్ని గంటలకు వెళ్లాడన్నది కాకుండా, వెళ్లేటప్పుడు తాగి ఉన్నాడా లేదా అన్నదే చూడాలన్నది ఆ ఆలోచన. రాష్ట్రాలు కొన్నేళ్లుగా ఆ వైపే కదులుతున్నాయి. ప్రజల భద్రత పరంగా చూస్తే ఇది గడియారం కన్నా నమ్మదగిన కాపలా.

ఊదితేనే కదిలే కారు

నార్త్ కరొలైనాలో పరీక్ష ఫలితం 0.15 లేదా ఆపైన ఉంటే ఈ పరికరం తప్పనిసరి. పేరు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్. చేతిలో పట్టే పరిమాణంలో ఉండి, తీగతో ఇంజను స్టార్టరుకు కలిపి ఉంటుంది. ఉదయం కారులో కూర్చుని, దాని గొట్టంలోకి కొన్ని సెకన్లు గట్టిగా ఊదాలి. లోపలి ఫ్యూయెల్ సెల్ సెన్సరు మద్యం ఆవిరిని కొలుస్తుంది. నిర్ణీత పాళ్లకు లోపల ఉంటేనే ఇంజను స్టార్టవుతుంది. కొంత దూరం వెళ్లాక మళ్లీ ఊదమని శబ్దం చేస్తుంది. అప్పుడు విఫలమైతే ఇంజను ఆగిపోదు, నడిరోడ్డు మీద ఆగడం మరో ప్రమాదం కదా. హారన్ మోగుతుంది, లైట్లు వెలిగి ఆరుతుంటాయి, నమోదు మాత్రం పక్కాగా జరుగుతుంది. చాలా పరికరాల్లో ఊదేవారి ముఖాన్ని తీసే కెమెరా కూడా ఉంటుంది. పక్కవారితో ఊదించే ప్రయత్నాలకు ఇది అడ్డుకట్ట.

మద్యం కలిసిన మౌత్‌వాష్, కొన్ని దగ్గు మందులు, ఆల్కహాలులో కలిపి ఇచ్చే హోమియో చుక్కలు నోట్లో ఉన్న కాసేపు పరీక్షను తప్పుదారి పట్టించగలవు. ఊదడానికి ముందు నీళ్లతో పుక్కిలించి కొన్ని నిమిషాలు ఆగడం మంచిదని పరికరం అమర్చేవారు చెబుతారు. అమర్చడానికి, నెలనెలా అద్దెకు, తనిఖీలకు అయ్యే ఖర్చు సాధారణంగా డ్రైవరుదే.

ఫలితాల విషయంలో పెద్దగా వివాదం లేదు. పరికరం కారులో ఉన్నంతకాలం మళ్లీ అదే నేరం చేయడం దాదాపు 70 శాతం తగ్గుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల సమీక్ష చెబుతోంది. తీసేశాక ఆ ప్రభావం చాలావరకు నిలవదు. అలవాటుకు చికిత్స అందకుండా యంత్రం మాత్రమే ఉంటే సరిపోదన్న వాదనకు ఇదే ఆధారం. అంచనా పరీక్షను అనుమతికి షరతుగా పెట్టింది కూడా అందుకే.

కోర్టు అనుమతి వీసాను కాపాడదు

తెలుగువారిలో ఎక్కువ ఆందోళన ఇక్కడే ఉంటుంది. పరిమిత అనుమతి రాష్ట్ర రవాణా చట్టానికి సంబంధించినది. వీసా ఫెడరల్ ప్రభుత్వానిది. గత 5 ఏళ్లలో మద్యం మత్తులో నడిపినందుకు అరెస్టయినా సరే, నేరం రుజువు కాకముందే వీసాను ముందుజాగ్రత్తగా రద్దు చేయవచ్చని విదేశాంగ శాఖ 2015లో కాన్సులేట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అరెస్టు సమయంలో తీసుకునే వేలిముద్రల ద్వారా సమాచారం చేరుతుంది. చాలామందికి రద్దు సంగతి ఈమెయిల్‌లో తెలుస్తుంది.

ఇక్కడా రెండు వేర్వేరు విషయాలను కలిపేసుకోకూడదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా దేశంలోకి రావడానికి. దేశంలో ఉండే హోదా వేరు. వీసా రద్దయినంత మాత్రాన హెచ్-1బి ఉద్యోగి హోదా దానంతట అదే పోదు. కానీ భారత్‌కు వెళితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. అప్పుడు నిర్దేశిత వైద్యుడి పరీక్షకు పంపవచ్చు. దరఖాస్తులో అరెస్టుల గురించి అడిగే ప్రశ్నకు నిజం రాయాలి. కోర్టు కేసును కొట్టేసినా అరెస్టు జరిగింది జరిగినట్టే చెప్పాలి. దాచడం అసలు నేరం కన్నా పెద్ద చిక్కు తెస్తుంది. పౌరసత్వం దాకా వెళ్లేవారికి మరో హెచ్చరిక ఉంది. ఈ నేరం రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు రుజువైతే సత్ప్రవర్తన లేదన్న ప్రాథమిక భావనతో చూడాలని 2019లో అటార్నీ జనరల్ నిర్ణయం ఇచ్చారు. అందుకే క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకునే ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదితోనూ మాట్లాడటం అవసరం.

మన దేశంలో

భారత మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అమెరికా లెక్కలో ఇది 0.03. అంటే మన పరిమితే కఠినం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 6 నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు కమిటీ 2015లో ఇచ్చిన ఆదేశాల తర్వాత లైసెన్సును కనీసం 3 నెలలు సస్పెండ్ చేయడం మొదలైంది. హైదరాబాద్‌లో దొరికినవారికి గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ సంస్థలో కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. అయితే ఉద్యోగానికి ఇన్ని గంటలు అని కోర్టు నుంచి అనుమతి తెచ్చుకునే పద్ధతి ఇక్కడ వాడుకలో లేదు. బస్సు, మెట్రో, ఆటో ఉన్న నగరంలో లైసెన్సు లేకపోయినా మనిషి పనికి వెళ్లగలడు. అమెరికా శివార్లలో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా ఇంటికి రాదు. పరిమిత అనుమతి పుట్టుకకు అసలు కారణం ఆ ఊళ్ల నిర్మాణంలోనే ఉంది.

ఏడాది గడిచాక

రద్దు కాలం ముగిసిన రోజున లైసెన్సు దానంతట అది తిరిగి రాదు. నార్త్ కరొలైనాలో అంచనా పరీక్ష సూచించిన తరగతులు లేదా చికిత్స పూర్తి చేసినట్టు ధ్రువపత్రం రాష్ట్రానికి చేరాలి. పునరుద్ధరణ రుసుము కట్టాలి. మొదటిసారి తిరిగి ఇచ్చే లైసెన్సు మీద పరిమితి 0.08 కాదు, 0.04. మళ్లీ అదే నేరమైతే తర్వాతిసారి 0.00.

ఇక్కడే చివరి చిక్కు ఎదురవుతుంది. పరిమిత అనుమతి చేతిలో ఉన్నన్నాళ్లూ ఉద్యోగం సాగిపోతుంది కాబట్టి, తరగతులను వచ్చే నెలకు, ఆపై నెలకు వాయిదా వేసేవారు ఉంటారు. ఏడాది పూర్తయ్యాక అనుమతి గడువు తీరిపోతుంది. ధ్రువపత్రం లేనందున రద్దు మాత్రం కొనసాగుతూనే ఉంటుంది. నిన్నటిదాకా రోజూ ఆఫీసుకు నడిపిన వ్యక్తి ఈ రోజు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. తరగతుల్లో సీటు కోసం మొదటి వారంలోనే ఫోను చేసి ఉంటే ఈ పరిస్థితి రాదు.